పాత బైక్ డిస్క్ బ్రేక్: పట్టడం కాదు, వదలడం దగ్గర మొదలెట్టండి

ఇక్కడ పాత బైక్ అంటే 1970లు, 80ల మొదట్లో వచ్చిన డిస్క్ బ్రేక్ బళ్ళు. 1969లో హోండా సీబీ750కి ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్క్ పెట్టి పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలెట్టాక మిగతా కంపెనీలన్నీ వరసపెట్టి అదే దారిలోకి వచ్చేశాయి. అలాంటి బండి ఏళ్ళ తరబడి ఓ మూల నిలబడి ఇప్పుడు బయటికి తీస్తే అందరి ధ్యాసా ఇంజన్ మీదే, కార్బురేటర్ క్లీన్ చేసి స్టార్ట్ చేసేసి, బ్రేక్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్యాడ్లు మార్చి పైన కాస్త కొత్త బ్రేక్ ఆయిల్ పోసి లివర్ నొక్కి చూసి "గట్టిగానే ఉంది" అని రోడ్డెక్కేస్తారు.

లివర్ గట్టిగా ఉంటే బ్రేక్ బాగున్నట్టు కాదు. బ్రేక్‌కి రెండు పనులున్నాయి, నొక్కితే పట్టాలి, వదిలితే వదలాలి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న బండిలో ముందు చెడేది ఈ రెండోదే, కానీ జనం చూసేది మొదటిదే. వదలని బ్రేక్ డిస్క్‌ని రాసుకుంటూ ఉంటుంది, వేడెక్కుతుంది, ఆ వేడికి లోపల ఆయిల్ వ్యాకోచిస్తుంది, వెనక్కి పోయే దారి లేకపోతే ఇంకా గట్టిగా పట్టేస్తుంది, అలా చివరికి నడుస్తున్న బండికి ముందు చక్రం దానంతటదే బిగుసుకుపోతుంది. లేదంటే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలొచ్చి లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేక్ ఉండదు. రెండూ ఒకే రోగానికి రెండు ముఖాలు, అందుకే ఈ పని మొత్తం "ఎక్కడ వదలట్లేదు" అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఏదీ విప్పకముందే ఓ చిన్న టెస్ట్ చేయండి, తర్వాత చాలా శ్రమ తప్పుతుంది. ముందు చక్రం గాల్లోకి లేచేలా బండిని స్టాండ్ మీద పెట్టి, లివర్ గట్టిగా నొక్కి వదిలి, చక్రం చేత్తో తిప్పండి. ప్యాడ్ కాస్త రాసుకుంటున్న చప్పుడొస్తూ చక్రం ఫ్రీగా తిరిగితే పర్లేదు. తిరగకపోతే మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ని కిందకి తోసే భాగం) దగ్గర హోస్, అంటే ఆయిల్ గొట్టం, బిగించిన బ్యాంజో బోల్ట్‌ని (లోపల ఆయిల్ దారి ఉండే బోల్ట్) గుడ్డ చుట్టి కొంచెం లూజ్ చేయండి, వెంటనే చక్రం వదిలేసిందంటే ప్రెషర్ మాస్టర్ సిలిండర్‌లోనే ఇరుక్కుందన్నమాట, తప్పు పైన ఉంది. వదల్లేదా, ఆ బోల్ట్ బిగించి కింద కాలిపర్ (పిస్టన్‌తో ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) దగ్గర బ్లీడ్ నిపుల్ (గాలీ ఆయిలూ బయటికి వదిలే చిన్న స్క్రూ) లూజ్ చేయండి, ఇప్పుడు వదిలితే మధ్యలో ఉన్న హోస్ లోపల మూసుకుపోయింది. నిపుల్ విప్పినా వదలకపోతే అది ప్రెషర్ గొడవే కాదు, కాలిపర్‌లో పిస్టన్ పట్టేసింది, లేదా కాలిపర్ జారాల్సిన పిన్నులు తుప్పు పట్టాయి. ఎలాగూ అంతా విప్పబోతున్నాం కదా ఈ టెస్ట్ ఎందుకు అనొచ్చు, ఎందుకంటే విప్పాక ప్రతి పార్టూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఏది దోషో ముందే తెలిస్తే దాన్ని రెండింతలు జాగ్రత్తగా చూస్తారు.

ఇక ఆయిల్ సంగతి, ఇందులో గందరగోళం ఎక్కువ. బ్రేక్ ఆయిల్ రకాలకి డాట్ అనే ప్రమాణం పేరుతో నంబర్లుంటాయి, డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఈ మూడూ గ్లైకాల్ జాతి, ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. డాట్ 5 ఒక్కటే సిలికాన్, అది వీటితో కలవదు, పేరులో 5.1కి దగ్గరగా ఉందని చూసుకోకుండా పోసేవాళ్ళున్నారు, డబ్బా మీద రాసింది చదివి మరీ పోయండి. గ్లైకాల్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరాక అదే 155కి దిగిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. అందుకే రెండేళ్ళకోసారి మార్చమని మాన్యువల్స్‌లో రాస్తారు, అది ఆయిల్ అమ్ముకోడానికి చెప్పిన మాట కాదు. డాట్ 5 తేమ పీల్చదు, పెయింట్ పాడు చేయదు, షోలో పెట్టే బండికి అదే మంచిదని కొందరి వాదన. కానీ తేమని పీల్చకపోతే లోపలికి చేరిన నీరు ఎక్కడికీ పోదు, విడిగా కిందకి దిగి కాలిపర్ అడుగున కూర్చుని అక్కడే తుప్పు పెడుతుంది, పైగా ఆ ఆయిల్‌లో సన్న గాలి బుడగలు నిలిచిపోయి లివర్ మెత్తగా ఉంటుంది. నడిపే బండికైతే నా ఓటు డాట్ 4కే. మాన్యువల్‌లో డాట్ 3 అని ఉన్నా డాట్ 4 పోయొచ్చు, సీల్ తెరవని కొత్త డబ్బా మాత్రమే వాడండి, ఎప్పుడో తెరిచి సగం వాడి మూత పెట్టిన డబ్బా వద్దు.

పని మొదలెట్టే ముందు ట్యాంక్ తీసి పక్కన పెట్టేయండి, తీయలేకపోతే మందపాటి గుడ్డా దానిపైన ప్లాస్టిక్ షీటూ కప్పండి. బ్రేక్ ఆయిల్ చుక్క పడితే పెయింట్ ఉబ్బి లేచిపోతుంది. పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్ళు పోసి కడిగేయండి, గ్లైకాల్ నీళ్ళలో కలిసిపోతుంది కాబట్టి అదే దానికి విరుగుడు. కళ్ళద్దాలు పెట్టుకోండి, స్ప్రింగులూ ప్రెషరూ ఉన్న పని ఇది.

ఇంకో మాట, పాత ప్యాడ్ల దుమ్ము. ఆ కాలం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ (దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదమైన ఖనిజం) వాడేవాళ్ళు, కాబట్టి కాలిపర్ మీద గాలి కొట్టి దుమ్ము లేపకండి, బ్రష్‌తో పొడిగా దులపకండి, తడిపి తుడిచి ఆ గుడ్డని కవర్లో మూట కట్టి పారేయండి.

రిజర్వాయర్ (మాస్టర్ సిలిండర్ మీద ఆయిల్ ఉండే డబ్బా) మూత స్క్రూల దగ్గరే చాలామంది మొదటి దెబ్బ తింటారు. జపాన్ బళ్ళలో అవి చూడ్డానికి మామూలు ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం, మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే లోపలిదాకా కూర్చోదు, తిప్పగానే జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ పెట్టి, పైన సుత్తితో చిన్న దెబ్బ వేసి, ఆ తర్వాత తిప్పండి. తల అప్పటికే పోయుంటే జాగ్రత్తగా డ్రిల్‌తో తలని తీసేసి, మూత ఎత్తాక మిగిలిన కాడని ప్లయర్‌తో పట్టుకుని తిప్పితే సాధారణంగా వచ్చేస్తుంది, ఎందుకంటే అసలు పట్టు తల కిందే ఉంటుంది.

ఇప్పుడు ముఖ్యమైన విషయం, హోస్ విప్పే తొందర పడకండి. కాలిపర్ పిస్టన్‌ని బయటికి తోయడానికి మీ దగ్గరున్న అన్నిటికంటే మంచి, అన్నిటికంటే క్షేమమైన పనిముట్టు ఆ బండి బ్రేకే. కాలిపర్‌ని ఫోర్క్ నుంచి విప్పి, ప్యాడ్లు తీసేసి, హోస్ అలాగే ఉంచి, రిజర్వాయర్లో ఆయిల్ పోస్తూ లివర్ మెల్లగా కొడుతూ ఉంటే పిస్టన్ కొద్దికొద్దిగా బయటికొస్తుంది, కింద ఓ ట్రే పెట్టుకోండి. రెండు పిస్టన్ల కాలిపర్ అయితే ఒకటి తేలిగ్గా వచ్చేసి రెండోది అలాగే ఉండిపోతుంది, ఒకటి పూర్తిగా బయటికొస్తే ఇక ప్రెషర్ ఉండదు కాబట్టి వచ్చేదాన్ని సీ క్లాంప్‌తో ఆపి, మొండిదాన్ని ముందు రప్పించండి.

మాస్టర్ సిలిండర్ ప్రెషరే ఇవ్వట్లేదనుకోండి, అప్పుడు గ్రీజ్ గన్. బ్యాంజో బోల్ట్ రంధ్రం మరకి సరిపోయే గ్రీజ్ నిపుల్ బిగించి, బ్లీడ్ నిపుల్ మూసేసి, గ్రీజ్ కొడితే ఎంత తుప్పు పట్టిన పిస్టనైనా దాదాపు కదులుతుంది. తర్వాత ఆ గ్రీజంతా లోపలి దారుల్లోంచి కూడా పూర్తిగా కడగాలి, అదొక్కటే చిరాకు. కంప్రెసర్ గాలితో తీసేవాళ్ళున్నారు, ఎక్కువమంది చేసేదీ అదే, కానీ పట్టేసిన పిస్టన్ వదిలేటప్పుడు గాలికి బుల్లెట్‌లా వస్తుంది, కాలిపర్‌కీ పిస్టన్‌కీ మధ్య వేలు ఉంటే వేలు ఉండదు. చేయక తప్పకపోతే మధ్యలో చెక్క ముక్క పెట్టి, గుడ్డ చుట్టి, తక్కువ గాలితో మొదలెట్టండి. ప్లయర్‌తో పిస్టన్ బయటి అంచు పట్టి పీకడం మాత్రం వద్దు, పిస్టన్‌ని మళ్ళీ వాడే ఉద్దేశం ఉంటే.

బ్లీడ్ నిపుల్ ఇంకో తలనొప్పి. లోపల బోలుగా ఉండే సన్న నిపుల్, చుట్టూ అల్యూమినియం, ఏళ్ళ తరబడి తుప్పు, ఓపెన్ స్పానర్ పెట్టి బలంగా లాగితే ముక్కలవుతుంది. తుప్పులోకి ఇంకే నానే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి, మర్నాడు ఆరు మూలల సాకెట్ పెట్టి తల మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయండి, కదలకపోతే కాలిపర్‌ని హీట్ గన్‌తో వేడి చేయండి, అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. విప్పేటప్పుడు ముందు కాస్త బిగించే వైపు తిప్పి చూడండి, ఆ చిన్న కదలికకే తుప్పు విరుగుతుంది. విరిగిపోతే మీరే గంటలకొద్దీ కుస్తీ పట్టకుండా మెషిన్ షాప్‌కి ఇచ్చేయడం మంచిది, వంకర డ్రిల్ పడితే కాలిపర్ మొత్తం పోతుంది. వేడి చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట గానీ ఎక్కువ వేడి గానీ పెట్టకండి, వచ్చే పొగ విషం.

పిస్టన్ బయటికొచ్చాక దాన్ని తుడిచి వెలుతురులో తిప్పి చూడండి. ఎక్కువ పిస్టన్లు క్రోమ్ పూత పూసిన ఉక్కువి, డస్ట్ సీల్ కింద తేమ చేరిన చోట క్రోమ్ లేచి చిన్న గుంటలు పడతాయి. ఆ గుంటలు సీల్‌కి బయటివైపు ఉన్నాయి కదా, సీల్ తాకే చోట నున్నగానే ఉంది కదా అని సమాధానపడొద్దు. అరిగిన ప్యాడ్లతో పిస్టన్ బయటికి వచ్చి ఉంది, మీరు కొత్త ప్యాడ్లు వేస్తే పిస్టన్ లోపలికి పోతుంది, ఆ గుంటలు సరిగ్గా వెళ్ళి సీల్ కింద కూర్చుంటాయి. "ప్యాడ్లు మార్చాకే లీక్ మొదలైంది" అని వినే కథ వెనకున్న కారణం ఎక్కువసార్లు ఇదే. గోరుకి తగిలే గుంట ఉంటే పిస్టన్ మార్చేయండి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి చాలా మోడల్స్‌కి తయారు చేస్తున్నారు, దొరికితే అవే మేలు. మరక మాత్రమే అయితే 1500 లేదా 2000 నంబర్ వాటర్ పేపర్‌తో బ్రేక్ ఆయిల్ తడిపెట్టి చుట్టూ తిప్పుతూ రుద్దండి, నిలువుగా వద్దు.

అసలు కథ కాలిపర్ గాడిలో ఉంది. ఈ ఒక్క చోట మీరు ఎంత టైమ్ పెట్టినా దండగ కాదు.

పిస్టన్‌ని లోపలికి లాగే స్ప్రింగ్ అంటూ కాలిపర్‌లో ఉండదు, మరి లివర్ వదిలితే పిస్టన్ ఎలా వెనక్కి వస్తుంది? చతురస్రపు కోత ఉన్న ఆ రబ్బరు సీలే ఆ పని చేస్తుంది. ఆయిల్ తోసినప్పుడు పిస్టన్ ముందుకి కదులుతుంటే సీల్ దాన్ని పట్టుకునే కాస్త వంగుతుంది, ప్రెషర్ పోగానే మళ్ళీ తన ఆకారంలోకి వస్తూ పిస్టన్‌ని మిల్లీమీటర్లో ఏ కొంచెమో వెనక్కి లాగుతుంది. ఆ కొంచెమే ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య ఖాళీ. ఇప్పుడు ఆ సీల్ కూర్చునే గాడిలో అల్యూమినియం తుప్పు, అంటే తెల్లటి గట్టి పొడి, పేరుకుపోయిందనుకోండి, సీల్ లోపలికి నెట్టబడి పిస్టన్‌ని బిగుతుగా పట్టేసుకుంటుంది, వంగడానికి దానికి చోటుండదు, కాబట్టి వెనక్కి లాగదు. కొత్త సీల్ వేసినా అంతే, పైగా ఇంకా బిగుతు. సీల్స్ కిట్ మార్చినా బ్రేక్ పట్టేస్తూనే ఉందంటే గాడి శుభ్రం కాలేదనే.

పాత సీల్స్‌ని చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ కొక్కెంతోనో తీసి, గాడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. తడిగా ఉన్నప్పుడు ఆ తెల్ల తుప్పు కనిపించదు, ఆరాక బయటపడుతుంది. పళ్ళ డాక్టర్ల దగ్గరుండే లాంటి వంకర సూది, లేదా కొసని గాడి వెడల్పుకి అరగదీసిన ఇత్తడి ముక్కతో మెల్లగా గీకండి, గాడి మూలల్లో ఎక్కువ ఉంటుంది, అక్కడే జనం వదిలేస్తారు. గీకడం, కడగడం, ఆరబెట్టడం, మళ్ళీ చూడటం. లోహం మీద గీతలు పడేంత బలం వద్దు. ప్రధాన సీల్ గాడిలోనే కాదు, బయటున్న డస్ట్ సీల్ గాడిలో కూడా. అయిపోయిందో లేదో తెలుసుకోడానికి ఓ పరీక్ష ఉంది, కొత్త సీల్‌ని కొత్త ఆయిల్‌లో ముంచి గాడిలో పెట్టి, పిస్టన్‌కి కూడా ఆయిల్ రాసి రెండు బొటనవేళ్ళతో నిదానంగా నెట్టండి, ఓ మోస్తరు బలానికి నిటారుగా దిగిపోవాలి. సుత్తి కావాలనిపించిందా, గాడి ఇంకా శుభ్రం కాలేదు, లేదా మీరు నెట్టేది వంకరగా ఉంది.

కడగడం అంటే గుర్తొచ్చింది, బ్రేక్ రబ్బర్లని పెట్రోల్, కిరసనాయిలు, డీజిల్, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజ్, తుప్పు వదిలించే స్ప్రేలు, వీటి దగ్గరికే రానివ్వకండి. ఈ రబ్బరు పెట్రోలియం తగిలితే ఉబ్బిపోతుంది, కొన్నాళ్ళకి పిస్టన్ మళ్ళీ పట్టేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బ్రేక్ క్లీనర్, కొత్త బ్రేక్ ఆయిల్, ఈ మూడే. బిగించేటప్పుడు కావాలంటే ఎర్రగా ఉండే రబ్బర్ గ్రీజ్ పలచగా. నానే ఆయిల్, గ్రీజ్ గన్ వాడాం కదా అంటారేమో, అప్పటికి పాత రబ్బర్లు ఎలాగూ పారేసేవే, కొత్తవి పెట్టే ముందు లోహం పూర్తిగా శుభ్రంగా ఉంటే చాలు.

రెండు సగాలుగా విడిపోయే కాలిపర్ అయితే మధ్యలో ఆయిల్ దారి దగ్గర చిన్న ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీల్) ఉంటుంది, విడదీస్తే అది కొత్తది దొరికితేనే విడదీయండి. ఒకే పిస్టన్ ఉన్న కాలిపర్ అయితే అది పక్కకి జరగగలగాలి, లేకపోతే ఒక ప్యాడే అరుగుతుంది. సీబీ750 కాలిపర్ ఒక చేయి మీద ఊగుతుంది, ఆ ఇరుసు ఎండిపోయి బిగుసుకుంటే హైడ్రాలిక్స్ ఎంత బాగు చేసినా లాభం లేదు, తీసి శుభ్రం చేసి గ్రీజ్ పెట్టండి. జారే పిన్నులున్నవైతే వాటికి సిలికాన్ గ్రీజ్, రబ్బరు తొడుగులు కొత్తవి.

ఇక మాస్టర్ సిలిండర్. లివర్ తీసి, రబ్బరు బూట్ వెనక్కి లాగితే లోపల సర్క్లిప్ (పిస్టన్‌ని బయటికి రాకుండా ఆపే రింగు) కనిపిస్తుంది, అది లోతులో ఉంటుంది, పొడుగు సన్న కొసలున్న సర్క్లిప్ ప్లయర్ లేకపోతే మొదలే పెట్టొద్దు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి గోడల మీద గీతలు పెట్టుకుంటారు. పిస్టన్‌ని కాస్త లోపలికి నొక్కి పట్టుకుని క్లిప్ తీయండి, లేకపోతే స్ప్రింగ్ బయటికి తంతుంది. వచ్చిన వరస వచ్చినట్టే గుడ్డ మీద పేర్చి ఫోటో తీసుకోండి, స్ప్రింగ్ వెడల్పు కొస ఎటు, కప్పుల (పిస్టన్ మీదుండే గిన్నె ఆకారపు రబ్బరు సీల్స్) అంచులు ఎటు చూస్తున్నాయి, కొన్ని పాత వాటిలో స్ప్రింగ్ చివర ఉండే చిన్న వాల్వు ఎటు, ఇవన్నీ తర్వాత గుర్తుండవు. కప్పు అంచు ఎప్పుడూ ప్రెషర్ వైపు చూడాలి, తిరగేసి పెడితే ఆయిల్ దాన్ని దాటుకుని పోతుంది.

సిలిండర్ లోపల టార్చ్ వేసి చూడండి. రంగు మారితే భయం లేదు, గుంటలుంటే భయం. హోన్ చేసి, అంటే లోపలి గోడని రాతితో రుద్ది, నునుపు చేసేద్దామనే ఆలోచన వస్తుంది, చాలా అల్యూమినియం సిలిండర్లకి లోపల అనోడైజ్ చేసిన గట్టి పొర ఉంటుంది, హోన్ దాన్ని తీసేస్తే మెత్తటి లోహం త్వరగా అరుగుతుంది. గుంటలున్నదాన్ని లోపల స్టెయిన్‌లెస్ స్లీవ్ (సన్న గొట్టం) వేయించడమో, మొత్తం మార్చేయడమో చేయాలి. మార్చేటప్పుడు బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) సైజ్ చూసుకోండి, పెద్దదైతే మంచిది అనుకోవద్దు, బోర్ పెద్దదయ్యేకొద్దీ లివర్ గట్టిపడుతుంది గానీ అదే చేతి బలానికి ప్రెషర్ తగ్గుతుంది. దీనికి పేరుమోసిన ఉదాహరణ నార్టన్ కమాండో, దాని లాక్‌హీడ్ కంపెనీ మాస్టర్ సిలిండర్ బోర్ అయిదు బై ఎనిమిది అంగుళాలు, అంటే 16 మి.మీ.కి కాస్త తక్కువ, నొక్కితే చెక్కముక్క నొక్కినట్టుండి బ్రేక్ అంతంత మాత్రంగా పడుతుంది, అందుకే చాలామంది 13 మి.మీ. స్లీవ్ వేయించుకుంటారు. లివర్ ఎక్కువ కదులుతుంది, బ్రేక్ మాత్రం బాగా పడుతుంది.

రిజర్వాయర్ అడుగున రెండు రంధ్రాలుంటాయి. పెద్దది అందరికీ కనిపిస్తుంది. రెండోది సూది మొనంత, చాలా వాటిలో ఓ చిన్న గుంట అడుగున గానీ రేకు కింద గానీ దాక్కుని ఉంటుంది, అది ఉందనే తెలియకుండా ఓవర్‌హాల్ ముగించేవాళ్ళు బోలెడుమంది. లివర్ వదిలేసి ఉన్నప్పుడు కప్పు ఆ రంధ్రానికి వెనకుంటుంది, వేడికి పెరిగిన ఆయిల్ దాంట్లోంచే రిజర్వాయర్లోకి వెళ్తుంది. పాత ఆయిల్ జిగురుగా మారి అది మూసుకుపోతే మొదట్లో చెప్పిన రోగం తయారు, బండి బయల్దేరినప్పుడు బాగుంటుంది, కాసేపటికి బ్రేక్ దానంతటదే పడుతుంది, చల్లారాక మళ్ళీ మామూలే. ఆల్కహాల్లో నానబెట్టి, గిటార్ తీగల్లో అన్నిటికంటే సన్నదాని ముక్కతో పొడవండి, రెండోవైపు వెలుతురు కనిపించాలి. డ్రిల్ పెట్టి పెద్దది చేయొద్దు, అంచు లేస్తే ప్రతి నొక్కుడికీ కప్పు పెదవి దానికి తగిలి కోసుకుపోతుంది.

లివర్‌ని బిగించాక అది పిస్టన్ మీద ఎప్పుడూ ఆనుకుని ఉండకూడదు, కాస్త ఖాళీ ఉండాలి. మోడల్ వేరే లివర్ వేసినా, అడ్జస్టింగ్ స్క్రూ ఎక్కువ తిప్పినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, అప్పుడు రంధ్రం ఎంత శుభ్రంగా ఉన్నా కప్పు దాన్ని మూసే ఉంచుతుంది, ఫలితం ఒకటే.

రబ్బరు హోస్‌ల గురించి ఎక్కువ చెప్పను, మార్చేయండి అంతే. పైకి బాగున్నా లోపలి పొర ఉబ్బిపోతుంది, లివర్ బలానికి ఆయిల్ ముందుకి పోతుంది గానీ వెనక్కి రాదు. నాలుగేళ్ళకోసారి మార్చమని చాలా జపాన్ కంపెనీల మాన్యువల్స్‌లో ఉంది, మీ బండి మీదున్నవి ఫ్యాక్టరీలో వేసినవే అయ్యుండొచ్చు. లోపల టెఫ్లాన్, పైన స్టీల్ జాలీ ఉన్నవి వేస్తే లివర్ బిగువు బాగుంటుంది, అచ్చం ఒరిజినల్‌గా కనపడాలంటే కొత్త రబ్బరువైనా సరే. ఆ స్టీల్ జాలీ రంపంలా కోస్తుంది కాబట్టి ఫెండర్‌కీ ఫోర్క్‌కీ తగలకుండా తొడుగు ఉన్నది తీసుకోండి. బ్యాంజో బోల్ట్‌ల మర చూసుకోండి, జపాన్ బళ్ళకి ఎక్కువగా 10 మి.మీ. లావు, 1.25 పిచ్ (మర చుట్ల మధ్య దూరం), ఇటలీ కంపెనీ బ్రెంబో బ్రేకులకి 1.0 పిచ్, చేత్తో రెండు చుట్లు తిరిగినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి, టార్క్ మాన్యువల్‌లో ఉన్నంతే.

గాలి తీయడం. ఖాళీ సిస్టమ్‌ని లివర్‌తోనే నింపబోతే గంటలు పడుతుంది, పెద్ద సిరంజికి పైపు తగిలించి కాలిపర్ నిపుల్‌లోంచి కింద నుంచి పైకి ఆయిల్ నెట్టండి, గాలి ఎలాగూ పైకి పోవాలనే చూస్తుంది. రిజర్వాయర్ పొంగిపోకుండా చూసుకోండి. తర్వాత మామూలు పద్ధతి, లివర్ నొక్కి పట్టుకోవడం, నిపుల్ తెరవడం, మూయడం, ఆ తర్వాతే లివర్ వదలడం, ఈ వరస తప్పితే గాలి లోపలికి లాగేస్తుంది. మధ్యమధ్యలో రిజర్వాయర్ చూస్తూ ఉండండి, అది అడుగంటితే మళ్ళీ మొదటికే. ఎంత తీసినా మెత్తగా ఉందంటే గాలి ఎక్కువగా మాస్టర్ సిలిండర్ బ్యాంజో దగ్గరే ఉంటుంది, ఎందుకంటే చాలా బళ్ళలో అదే ఎత్తైన చోటు, లివర్ నొక్కి ఆ బోల్ట్‌ని క్షణం లూజ్ చేసి బిగించండి, బుస్సుమని వస్తుంది. మిగిలిన సన్న బుడగల కోసం లివర్‌ని హ్యాండిల్‌కి కట్టేసి రాత్రంతా వదిలేసి, పొద్దున్న మెల్లగా విప్పి లివర్‌ని చిన్నచిన్నగా ఆడిస్తే అవి పైకొచ్చేస్తాయి, ఎక్కడన్నా లీక్ ఉన్నా కింద చుక్క పడి తెలుస్తుంది.

సీల్స్ మార్చకుండా ఆయిల్ మాత్రం మారుస్తున్నవాళ్ళకి ఓ హెచ్చరిక, లివర్‌ని హ్యాండిల్ దాకా పూర్తిగా నొక్కొద్దు. రోజువారీ వాడకంలో కప్పు వెళ్ళని చోట తుప్పు ఉంటుంది, అక్కడిదాకా తోస్తే పాత కప్పు చినుగుతుంది, అప్పటిదాకా పనిచేసిన బ్రేక్ ఆయిల్ మార్చగానే పోతుంది.

కొన్ని బళ్ళకి అదనపు పేచీలున్నాయి. 1970ల బీఎండబ్ల్యూ ఆర్90ఎస్ లాంటి వాటిలో మాస్టర్ సిలిండర్ హ్యాండిల్ మీద ఉండదు, ట్యాంక్ కింద ఉంటుంది, లివర్ నుంచి దానికి కేబుల్ వెళ్తుంది, లీకైతే కనిపించదు, ఫ్రేమ్ పెయింట్ తినేశాక తెలుస్తుంది, కాబట్టి ట్యాంక్ ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి, కేబుల్ అడ్జస్ట్‌మెంట్ బిగుతైనా పిస్టన్ వెనక్కి రాక అదే గొడవ. ఆ కాలిపర్‌కి ఇరుసు పిన్ను కేంద్రం తప్పి ఉంటుంది, దాన్ని తిప్పి ప్యాడ్‌ని డిస్క్‌కి సమంగా పెట్టాలి. మోటో గుజ్జి 850 టీ3 లాంటి వాటిలో కాలి పెడల్ వెనక బ్రేక్‌తో పాటు ముందున్న ఒక డిస్క్‌ని కూడా పట్టిస్తుంది, గాలి తీసేటప్పుడు రెండు చోట్లా తీయాలి. 1980ల మొదట్లో సుజుకి కొన్ని మోడల్స్‌లో బ్రేక్ ఆయిల్‌తోనే పనిచేసే యాంటీ డైవ్ (బ్రేక్ వేస్తే బండి ముందు భాగం కిందకి దిగకుండా ఆపే) యూనిట్లు ఫోర్క్ కింద పెట్టింది, వాటికి విడిగా బ్లీడ్ నిపుల్ ఉంటుంది, దాన్ని మర్చిపోతే లివర్ ఎప్పటికీ గట్టిపడదు.

అన్నీ బిగించాక రిజర్వాయర్ మూత పెట్టకముందు లివర్‌ని చాలా మెల్లగా నొక్కండి, మొదటి కొంచెం కదలికలోనే ఆ సూది రంధ్రం నుంచి ఆయిల్ ఉపరితలం మీద చిన్న ఊట లేస్తుంది. లేచిందంటే రంధ్రం తెరిచి ఉంది, పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తోంది. గట్టిగా నొక్కితే మొహం మీదకి చిమ్ముతుంది, మెల్లగా అన్నది అందుకే. మూతలో గాలి రంధ్రం కూడా చూడండి, అది మూసుకుపోతే కింద రబ్బరు పొర ఆయిల్‌తో పాటు కిందకి దిగలేదు.

డిస్క్ మీద కనీస మందం చెక్కి ఉంటుంది, అంతకంటే పలచనైతే మార్చాలి. డిస్క్‌నీ కొత్త ప్యాడ్లనీ ముట్టుకున్న ఆయిల్ చేతి మరకలు ఆల్కహాల్‌తో తుడిచేయండి, ఆయిల్ పీల్చిన ప్యాడ్లు ఇక బాగుపడవు. బండి కదిలించే ముందు లివర్‌ని చాలాసార్లు కొట్టి ప్యాడ్లని డిస్క్ దాకా తెచ్చుకోండి, మొదటిసారి నొక్కితే లివర్ ఖాళీగా వెళ్ళిపోతుంది. ట్రాఫిక్ లేని చోట నెమ్మదిగా మొదలెట్టి, మధ్యస్థ వేగం నుంచి పూర్తిగా ఆపకుండా వేగం తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ కొన్నిసార్లు చేయండి, ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకుంటాయి. కాసేపు బ్రేక్ అస్సలు వాడకుండా నడిపి ఆగి, డిస్క్ దగ్గర చెయ్యి పెట్టండి, ముట్టుకోకుండానే వేడి తెలుస్తుంది. వేడిగా ఉంటే చక్రం పైకెత్తి మొదట చేసిన టెస్ట్ అదే వరసలో మళ్ళీ చేయండి, ముందు పైన బ్యాంజో, తర్వాత కింద నిపుల్. కొన్ని రోజుల పాటు బండి తీసే ముందు బ్యాంజోల దగ్గర, నిపుల్ దగ్గర, లివర్ వెనక బూట్ కింద టిష్యూ పేపర్ అద్ది చూడండి, తడి తగిలిందంటే బండి ఆ రోజుకి లోపలే.